దొడ్డిదారిన వచ్చిన పురిటి బట్టలు

మా ఊళ్ళో బిడ్డ పుట్టిన ఇంటికి పురుడు చేసే రోజున చాకలే బట్టలు తేవాలి. మైల బట్టలు రేవుకు తీసుకుపోయి, చౌడుమట్టి పెట్టి, బానలో ఉడకబెట్టి, ఉతికి ఆరేసి, తెల్లటి దుప్పటిలో మూటగట్టాలి. ఆ మూట నెత్తిన పెట్టుకుని బజారు నడిమధ్య నుంచి నడిచి, ముందరి గడపలో దించాలి. ఆ బట్టలు కట్టుకున్నాకే బాలింత వంటింట్లోకి వస్తుంది, బిడ్డ తొట్టెల ఎక్కుతుంది. ఇంటి పెద్దావిడ చేటలో బియ్యం, పసుపు, కుంకుమ పెట్టి చాకలి ఒడిలో పోస్తుంది. ఉతకడం ఒక్కటే అయితే ఎవరైనా ఉతుక్కోవచ్చు. మూట నలుగురి కళ్ళ ముందు నడవాలి, అసలు సంగతి అది. ఊరు చూస్తేనే ఆ ఇంటికి మైల పోయినట్టు.

ఊరంటే ఘనపూర్ పక్కన మా పల్లె. జనగామ వాళ్ళకు ఘనపూర్ అని చెబితే రైలు ఆగే స్టేషన్ ఘన్‌పూర్ అనుకుంటారు. అది కాదు. ములుగు దాటి పోతే పెద్ద చెరువు కింద ఉండే ఘనపూర్. నేను ఆ ఊరి చాకలి ఇంటికి కోడలిగా వచ్చేటప్పటికే చెరువు కింద గుంటూరు వైపు నుంచి వచ్చిన కుటుంబం ఒకటి భూమి కొనుక్కుని ఉంది. వరి వేసేవాళ్ళు, మెరక మీద మిరప వేసేవాళ్ళు. ఆ ఇంటి పెద్దావిడను ఊరంతా మిరపతోటమ్మ అనేవాళ్ళు. ఇక్కడా అలాగే రాస్తాను.

మిరపతోటమ్మకు మా అత్త అంటే వేళాకోళం. మా అత్త మూట దించగానే మా యాస పట్టుకుని, "ఏందవ్వా, గిట్ల ఉతికితివి?" అనేది. మా అత్త ఊరుకునే మనిషి కాదు. "ఉతికానండీ, ఆరేశానండీ, మడతపెట్టానండీ" అని ప్రతి మాటకూ తోక తగిలించి సాగదీసేది. ఇద్దరూ నవ్వుకునేవాళ్ళు. అయితే ఆమె భర్త మా మాటను ఎక్కిరించినప్పుడు అది నవ్వులాటలా ఉండేది కాదు. నాట్లకు వచ్చిన కూలీలను పిలిచే పద్ధతిలో ఒక చిన్నచూపు ఉండేది. అది మనుషులు గుర్తుపెట్టుకున్నారు. ఇది కూడా రాయకపోతే నా రాత సగమే అవుతుంది.

అరవై తొమ్మిదిలో ఉద్యమం వచ్చింది. మా వైపు పిల్లలు చదువుకుని కూడా కొలువులు లేక తిరుగుతుంటే ముల్కీలకు, అంటే ఇక్కడివాళ్ళకు, రావాల్సిన కొలువుల్లో బయటివాళ్ళు కూర్చున్నారని కోపం. ఆ కోపంలో న్యాయం ఉంది. పట్నంలో కాల్పులకు పిల్లలు చనిపోయారని వార్త వచ్చినప్పుడు మా పల్లెలో కూడా పొయ్యిలు వెలిగించని ఇళ్ళున్నాయి. మా అత్త ఆ రోజు రేవుకు పోలేదు.

ఆ తరువాత మా ఊళ్ళో జరిగినదాన్ని ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఎవరూ డప్పు కొట్టించలేదు. ఎవరూ చావడి దగ్గర కూర్చుని తీర్మానం చేయలేదు. తూము దగ్గర నీళ్ళు వదిలేవాడు మిరపతోట వాళ్ళ మడికి వచ్చేసరికి పార మరిచిపోయాననేవాడు. దుకాణంలో వాళ్ళకు ఉప్పు అయిపోయేది. మంగలి గడ్డం గీయడానికి రావడం మానేశాడు. కూలీలు ఒక పూట రాలేదు, తరువాత అసలు రాలేదు. ఒక సాయంత్రం పెంకుల మీద రెండు మూడు రాళ్ళు పడ్డాయి. వేసినవాళ్ళను ఎవరూ చూడలేదన్నారు. ప్రతివాడూ పక్కవాడు పోవడం లేదని తాను పోలేదు. వాళ్ళ గోడ మీద బొగ్గుతో ఎవరో రాశారు. నాకు అప్పుడు చదువు రాదు. వెళ్ళిపొమ్మని రాసి ఉందని మా ఆయన ఎవరినో అడిగొచ్చి చెప్పాడు.

అదే సమయంలో మిరపతోటమ్మ కూతురు తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. మిరపతోట ఆయన పచ్చి బాలింతనైనా బండి కట్టి తీసుకుపోదాం, ఇక్కడ ఉండొద్దు అంటున్నాడట. ఆమె ఒప్పుకోలేదు. మైల బట్టలు తేవడానికి వెళ్ళిన మా అత్తతో ఆమే చెప్పింది, పురుడు రోజు దాకా చూస్తానని. ఊరు ఊరుగా ఉంటే ఆ రోజు తెలుస్తుంది, పురుడు చేసుకుని ఇక్కడే ఉంటాం అంది. మా అత్త ఆ మాట ఇంటికి మోసుకొచ్చింది, బట్టల మూటతో పాటు.

పురుడు ముందు రోజు మా ఇంట్లో గొడవ. మా మామ నెమ్మదైన మనిషి. ఆయన కూడా ఆ రోజు గొంతు పెంచాడు.

"రేపు గా ఇంటికి మూట మోస్తె, ఎల్లుండి మన గడప ఎవ్వడు తొక్కడు. నీకు ఒక్క ఇల్లా, ఊరా?"

"గింత పసిదాన్ని మైలల ఉంచుతమా? అది ఏ ముల్కీ నౌకరి తిన్నదయ్యా?" అంది మా అత్త.

అయినా బజారులోంచి పోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. చివరికి ఇద్దరికీ మధ్యలో ఒక దారి దొరికింది. బట్టలు ఇవ్వాలి, కానీ బజారులోంచి కాదు. తెల్లవారుతూనే రేవుకు పోతున్నట్టు బయలుదేరి, చెరువు కట్ట దిగి, మిరపతోటలోంచి పెరటి తలుపుకు పోవాలి. బట్టలు అందుతాయి, మన ఇల్లూ నిలబడుతుంది అనుకున్నారు. ప్రేమ ఉన్నవాళ్ళు చేసే పనే అది. నేను కూడా అదే మంచిదనుకున్నాను. చిన్న మూట నాకిచ్చి పెద్ద మూట ఆమె చంకన పెట్టుకుంది. నెత్తిన పెట్టుకుంటే దూరానికి కనిపిస్తుందని.

పెరటి తలుపు తోసేసరికి మిరపతోటమ్మ నూతి దగ్గర లేదు, వంటింట్లో లేదు. ఇంటి లోపలి నుంచి సూటిగా చూస్తే ముందర గుమ్మం బార్లా తెరిచి ఉంది. గడపకు పసుపు రాసి, వాకిట్లో ముగ్గు పెట్టి, అరుగు మీద చేటలో బియ్యం పోసి, ఆమె బజారు వైపు చూస్తూ కూర్చుని ఉంది. వీపు మా వైపు ఉంది. మా అత్త పిలవలేకపోయింది. మూట కింద పెట్టిన చప్పుడుకు ఆమే తిరిగింది.

మమ్మల్ని చూసింది, పెరటి తలుపును చూసింది. లేచి వచ్చి మూట అందుకుని బట్టలు ఒకసారి తడిమింది. కోపం లేదు. గొంతు కూడా మామూలుగానే ఉంది.

"నువ్వు రాకపోయి ఉంటే, ఒంట్లో బాగాలేదేమో అనుకుని ఇంకో నాలుగు రోజులు చూసేదాన్ని అవ్వా. నువ్వు వచ్చావు. ఇటు నుంచి వచ్చావు. నువ్వే ఇటు నుంచి రావాల్సి వచ్చిందంటే, ఇంక మాకు ఇక్కడ లేదు."

ముందర అరుగు మీది చేట అక్కడే ఉండిపోయింది. అది ముందు నుంచి వచ్చినవాళ్ళకు పోసేది.

మిరపతోట ఆయన ఆ రోజే పోలీసు ఠాణాకు పోయాడు. మా ఆయన అక్కడి వాళ్ళ యూనిఫాం బట్టలు ఇవ్వడానికి పోయి గుమ్మం దగ్గరే ఉన్నాడు కనుక ఆ మాటలు మాకు తెలిశాయి. లోపల కూర్చున్నవాడు చెడ్డవాడేమీ కాదు. కాగితం ముందు పెట్టుకుని, కలం తీసి, శ్రద్ధగానే అడిగాడట.

"కొట్టిన్రా?"

లేదన్నాడు ఆయన.

"ఇల్లు జొచ్చిన్రా? ఏమన్న ఎత్తుకపోయిన్రా?"

లేదు. వెళ్ళిపొమ్మంటున్నారయ్యా అన్నాడు.

"ఎవరు?"

"అందరూ."

"అందరంటే ఎవని పేరు రాయాలె పటేలా? ఏమని రాయాలె? మంగలి గడ్డం గియ్యలేదని కేసు రాస్తనా?"

పడిన రాళ్ళ గురించి మాత్రం రాసుకున్నాడట. వేసినవాళ్ళు తెలియదని కూడా రాసుకున్నాడట.

రెండు రోజుల తరువాత లారీ వచ్చింది. భూమి, ఇల్లు ఊళ్ళో ఒకాయనకు కౌలుకిచ్చి పోయారు. లారీ బయలుదేరినప్పుడు బజారులో జనం నిలబడ్డారు. ఎవరూ కేకలు వేయలేదు. కొందరి కళ్ళల్లో నీళ్ళు కూడా ఉన్నాయి. వాళ్ళను పంపేసింది తామేనని వాళ్ళలో ఎవరూ అనుకోలేదు. నిజానికి ఏ ఒక్కరూ పంపలేదు కదా.

మా దగ్గర వాళ్ళ బట్టలు ఒక మూట మిగిలిపోయాయి. పురుడు నాటికి ఆరక, తరువాత ఇవ్వడం కుదరనివి. పసిపిల్ల పొత్తిగుడ్డలు, ఒక దుప్పటి, బాలింత చీర. మేము అక్షరం రానివాళ్ళం, నల్లజీడి గింజతో ప్రతి ఇంటి బట్టకు మూలన ఒక గుర్తు పెట్టేవాళ్ళం. వాళ్ళ గుర్తు మిరపకాయలా ఒక వంకర గీత, పైన చుక్క. మా అత్త ఆ మూటను అటక మీద పెట్టి, ఏటా వానలు వెళ్ళాక దించి, ఉతికి, ఎండబెట్టి, మళ్ళీ పెట్టేది. ఒకరి బట్ట మన ఇంట్లో ఉండకూడదని ఆమె పట్టు.

ఎనభైలు వచ్చేసరికి నేనూ మా ఆయనా జనగామలో ఉన్నాం. రైలు స్టేషన్ రోడ్డులో ఇస్త్రీ దుకాణం పెట్టుకున్నాం. నా పిల్లలు పెద్దయ్యారు. సాయంత్రాలు బడి వరండాలో పెద్దవాళ్ళకు చదువు చెప్పేవాళ్ళు. పలక పట్టుకోవడానికి సిగ్గుపడుతూ పోయాను. బొగ్గుల పెట్టె పట్టిన చేతికి బలపం ఎంత తేలికో, దాన్ని తిప్పడం అంత బరువు. ఏడాదిలో బస్సు మీది పేర్లు చదవడం వచ్చింది, తరువాత పేపరు.

అక్కడికి వారానికోసారి ఒక వకీలు వచ్చేవాడు. ఇంకా చిన్నవాడే. మేము జరిగిన అన్యాయం ఒకటి చెప్పాలి, చట్టంలో దానికి ఏ పేరుందో ఆయన చెప్పాలి. అలా చెబితే గుర్తుంటుందని ఆయన పద్ధతి. తరిగొప్పుల నుంచి వచ్చిన ఒకామె మరిది పొలం గట్టు జరిపిన సంగతి చెప్పింది. దానికి పేరుంది. ఉల్లిగడ్డలమ్మే ఆమె అంగట్లో తనను బెదిరించి జాగా ఖాళీ చేయించిన సంగతి చెప్పింది. దానికీ పేరుంది. నా వంతు వచ్చినప్పుడు నేను మిరపతోటమ్మ సంగతి చెప్పాను.

ఆయన ఠాణాలో అడిగిన ప్రశ్నలే అడిగాడు. అడుగుతూ అడుగుతూ తనే ఆగిపోయాడు. తలుపు తీసి లోపలికి పోలేదు, చేయి చేసుకోలేదు, ఎత్తుకుపోలేదు. విడివిడిగా చూస్తే రాళ్ళు తప్ప ఒక్కటీ నేరం కాదు. కలిపి చూస్తే ఒక ఇల్లు ఊళ్ళో లేకుండా పోయింది. మన చట్టంలో దీనికి విడిగా పేరు లేదక్కా అన్నాడు.

"గంతేనా సారూ? గంత పెద్ద పుస్తకంల గీ ఒక్కటి లేదా?" అంది ఉల్లిగడ్డలామె. అందరం నవ్వాం, ఆయన కూడా నవ్వాడు. నవ్వాక ఆమే మళ్ళీ అడిగింది. "మనోళ్ళ నౌకర్లు వాళ్ళు తిన్నది నేరం గాదా మరి?"

"అదీ అన్యాయమే అక్కా. గని దాని జవాబు నౌకరి ఇచ్చినోణ్ణి అడగాలె. మిర్చి పండించుకునేటామెను కాదు."

తరిగొప్పులామె, అయితే వాళ్ళను వెలేసిన్రన్నట్టు అంది. నేను కాదన్నాను. వెలి నాకు తెలుసు. మా కులంలో వెలేసినప్పుడు బట్టల రేవు కాడికి కూడా రానివ్వరు, అది క్రూరమైనదే. కానీ వెలికి ముందు ఒక మాట ఉంటుంది. నువ్వు ఫలానా తప్పు చేశావు అంటారు. పెద్దల ముందు నిలబడి కాదని చెప్పుకోవచ్చు. తప్పు, అంటే జరిమానా, కట్టి, కులానికి అన్నం పెడితే మళ్ళీ లోపలికి రానిస్తారు.

వకీలు అడిగాడు, "మరి వీళ్ళు ఏం తప్పు కడితే లోపలికి రానిచ్చేవాళ్ళు?"

పుట్టిన ఊరు మార్చుకుంటే రానిచ్చేవాళ్ళు. అది ఎవరివల్ల అవుతుంది?

మరుసటి వారం ఆయన ఏవో చదువుకుని వచ్చాడు. పెద్ద యుద్ధం అయ్యాక దేశాలన్నీ కూర్చుని, ఒక జాతిని జాతిగా చంపి లేకుండా చేయడం నేరమని రాసుకున్నాయట. యుద్ధంలో జనాన్ని బలవంతంగా ఒక చోటు నుంచి తరలించడం కూడా నేరమేనట. కానీ చంపకుండా, బండి ఎక్కించకుండా, బతకనివ్వకుండా చేసి, ఒక రకం మనుషులు ఒక చోట లేకుండా చేయడం అనేదాన్ని దానికదే ఒక నేరంగా ఎవరూ రాయలేదట. ఎందుకు రాయలేదంటే కష్టం ఉందని చెప్పాడు. నేరానికి ఉద్దేశం ఉండాలి, ఉద్దేశం ఉన్న మనిషి ఉండాలి. ఇక్కడ నీళ్ళు వదిలేవాడి ఉద్దేశం వేరు, దుకాణదారుడి భయం వేరు. ఎవరి ఉద్దేశమని నిరూపించాలి?

"మీ ఊరిది చిన్నది అక్కా. లోకంల జరిగినవాటి ముందు పెట్టి చూసేది కాదు. గని ఇత్తనం అదే," అన్నాడు. లేచిపోతూ మళ్ళీ ఆగాడు. "ఆ చట్టం నన్ను రాయమంటే ఒకటే అడుగుత. పోయినోళ్ళు మళ్ళా రాగలరా? రాలేకపోతే ఆ నేరం ఇంకా నడుస్తున్నట్టే."

చాలా ఏళ్ళ తరువాత ఎక్కడో దూర దేశంలో ఇలాంటిదే మహా ఘోరంగా జరిగినప్పుడు, పేపరులో దానికి జాతి ప్రక్షాళన అని పేరు రాశారు. ప్రక్షాళన అంటే కడగడమని అడిగి తెలుసుకున్నాను. జీవితమంతా ఉతికినదాన్ని, ఆ పేరు పెట్టినవాళ్ళ మీద నాకు చాలా కోపం వచ్చింది. దాన్ని విడి నేరంగా రాయాలా వద్దా అని పెద్దవాళ్ళు ఇప్పటికీ వాదించుకుంటున్నారని చదివాను. ఇప్పటికీ వేరే నేరాల పేర్ల కిందే చూస్తారట. ఆ వకీలు అన్న మాట కంటే దగ్గరగా నాకు ఎక్కడా కనబడలేదు.

ఆయన అలా అన్న మరుసటి ఎండాకాలం మా అత్త నుంచి కబురు వచ్చింది. మిరపతోటమ్మ భూమి అమ్మడానికి వచ్చింది, కౌలుదారు ఇంట్లోనే, అంటే తన ఇంట్లోనే దిగింది, నువ్వు రా అని. హన్మకొండలో బస్సు మారి పోయాను. నేను వెళ్ళేసరికి మా అత్త మూట దించి, మళ్ళీ ఉతికి, దండెం మీద ఆరేసి కూర్చుంది. చాలా ముసలిదయింది. మెడ వంగింది. నేను మోస్తానన్నాను.

"అప్పుడు నేనే పోతిని. ఇప్పుడు గూడ నేనే పోవాలె. నువ్వు ఎనుక రా పిల్లా."

మిట్టమధ్యాహ్నం, తెల్ల దుప్పటి మూట నెత్తిన పెట్టుకుని బజారు నడిమధ్య నడిచింది. అరుగుల మీద మనుషులు మాట్లాడటం ఆపారు. దుకాణదారుడు, ఆ రోజుల్లో ఉప్పు లేదన్నవాడే, గల్లా మీద నుంచి మెడ సాచాడు.

"ఎవలింట్ల పురుడే అవ్వా?"

"మిరపతోటమ్మ ఇంట్ల."

"గా పిల్లకు పెండ్లీడు రావట్టె గదనే."

"వస్తె రాని. బట్టలియ్యాలె గద."

ఎవరో నవ్వారు. ఒకాయన లేచి ఇంట్లోకి పోయి తలుపు దగ్గరేసుకున్నాడు. మంగలి భార్య మాత్రం మా వెనక నాలుగు అడుగులు నడిచి, ఎందుకో ఆగిపోయింది.

మిరపతోటమ్మ గుమ్మంలోకి వచ్చింది. జుట్టు తెల్లబడింది. భర్త పోయాడని నుదురు చూస్తే తెలిసింది. మూట విప్పి పొత్తిగుడ్డ మూలన గుర్తు చూసుకుంది. తరువాత కౌలుదారు భార్యను చేట అడిగి, ఆ ఇంటి బియ్యమే అడిగి, ఆమె చేతనే పసుపు కుంకుమ పెట్టించి, ముందరి గడపలో నిలబడి, బజారు చూస్తుండగా మా అత్త ఒడిలో పోసింది.

"ఆ రోజు ఇలా వచ్చుంటే..." అని మొదలుపెట్టింది.

"అప్పుడు ఇట్ల వచ్చినా నువ్వు ఉండలేకపోదువు అమ్మా. నేను ఒక్కదాన్నే గద," అంది మా అత్త.

ఆమె తల ఊపింది. అమ్మడానికే వచ్చాను అవ్వా, అమ్మే పోతాను, పిల్లలకు ఈ ఊరు తెలియదు అంది. పసిదాని గురించి అడిగితే చదువుకుంటోందని చెప్పింది. పోయేటప్పుడు పొత్తిగుడ్డలు, చీర సంచిలో పెట్టుకుని, దుప్పటి మా అత్తకు ఇచ్చింది.

రిజిస్ట్రేషన్ అయిన మర్నాడు ఆమె బస్సు కోసం దుకాణం ముందు నిలబడింది. ఎవరూ ఆమెను పలకరించలేదు. బస్సు రోడ్డు మలుపులో కనబడ్డాక దుకాణదారుడు బెల్లం తూకం వేస్తూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"మల్ల వస్తె పొద్దటి బస్సుకు రాండ్రమ్మా. గీ బస్సు ములుగుల మస్తు ఆపుతడు."

ఆమె అతని వైపు చూసి, అలాగేనయ్యా అంది. బస్సు ఎక్కింది.

జనగామ వచ్చాక ఇదంతా వకీలుకు చెప్పాను. దీన్ని ఏ పేరు కింద రాయాలో తనకు తెలియదని ఆయన ఒప్పుకున్నాడు.

మిరపతోటమ్మ మళ్ళీ రాలేదు. మా అత్త బతికినన్నాళ్ళూ పొద్దటి బస్సు వచ్చే వేళకు రేవులో బట్ట చేతిలో పట్టుకుని రోడ్డు వైపు ఒకసారి చూసేది. ఎవరి కోసమని అడిగితే, ఎవ్వరికోసం గాదు, పొద్దెంత ఎక్కిందో చూస్తున్న అనేది.